మొదటి 512 బైట్లు: ఒకే డిస్క్‌లో నాలుగు ఓఎస్‌లు

(హైదరాబాద్‌లో కంప్యూటర్ విద్యార్థులు, ఫ్రీ సాఫ్ట్‌వేర్ అభిమానుల ముందు చేసిన ప్రసంగం. చివర్లో జరిగిన ప్రశ్నోత్తరాల్లో కొంత భాగం కూడా ఇందులో ఉంది.)

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం నేను 512 బైట్ల గురించి మాట్లాడతాను. మీ ఫోన్‌తో తీసిన ఒక్క ఫొటో లక్షల బైట్లు ఉంటుంది. దాని పక్కన 512 అంటే లెక్కలోకే రాదు. కానీ దాదాపు మూడు దశాబ్దాల పాటు హార్డ్ డిస్క్ ఉన్న ప్రతి పీసీ ఈ 512 బైట్లు చదివాకే లేచి కూర్చుంది. ఆ 512లో 64 బైట్ల చిన్న పట్టిక ఒకటి ఉంటుంది. డాస్, విండోస్, యూనిక్స్, లినక్స్ ఒకే డిస్క్ మీద పక్కపక్కనే బతకగలిగాయంటే అది ఆ పట్టిక చలవే.

పార్టిషన్లు, అంటే డిస్క్‌లో విడగొట్టిన భాగాలు, ఎందుకు పుట్టాయని మన దగ్గర ఎవరిని అడిగినా, సి, డి, ఇ డ్రైవులు చేసుకోవడానికి అంటారు. సినిమాలు ఒకదాంట్లో, పాటలు ఒకదాంట్లో పెట్టుకోవడానికి అంటారు. అదంతా తర్వాత వచ్చిన వాడకం. మొదట పార్టిషన్ వచ్చింది వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌కి (ఓఎస్‌కి) చోటు ఉంచడానికి. కొన్నవాడు తన మెషీన్‌లో తనకు నచ్చినన్ని ఓఎస్‌లు పెట్టుకోవచ్చన్న ఒప్పుకోలు ఆ పట్టికలోనే ఉంది. తర్వాత వచ్చిన ఓఎస్‌లలో కొన్ని ఆ ఒప్పందాన్ని మన్నించాయి, కొన్ని మన్నించలేదు. ఇవాళ నా మాటంతా దాని గురించే.

1981 ఆగస్టు 12న ఐబీఎం తన పీసీని ప్రకటించింది. అందులో హార్డ్ డిస్క్ లేదు. 160 కేబీ పట్టే ఫ్లాపీలే దిక్కు. ఆ మెషీన్‌కి ఐబీఎం ఒక్క ఓఎస్‌నే అంటగట్టలేదు. పీసీ డాస్, సీపీ/ఎం-86, యూసీఎస్‌డీ పీ-సిస్టమ్ అని మూడు పేర్లు చెప్పింది. డాస్ ధర 40 డాలర్లు. కొన్నాళ్లు ఆలస్యంగా వచ్చిన సీపీ/ఎం-86 ధర 240 డాలర్లు. ఆ పోటీ ఎటు తిరిగిందో మీరే ఊహించుకోవచ్చు.

అప్పట్లో రెండు ఓఎస్‌లు వాడాలంటే ఏ చిక్కూ లేదు. ఏ ఫ్లాపీ పెడితే ఆ ఓఎస్ వచ్చేది. రోమ్ అనే చిప్‌లో ఉన్న బయోస్, అంటే సిస్టమ్ ఆన్ చేయగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్, ఆ ఫ్లాపీ మొదటి సెక్టార్‌ని, అంటే మొదటి 512 బైట్ల ముక్కని చదివి, మెమరీలో 7సీ00 అనే అడ్రస్ దగ్గర పెట్టి, అక్కడికి దూకేది. ఇలాంటి అడ్రస్‌లూ, బైట్లూ హెక్స్‌లో, అంటే 16 ఆధారంగా లెక్కపెట్టే పద్ధతిలో రాస్తారు. ఆ తర్వాత సంగతి ఆ ఫ్లాపీదే. వేరే ఓఎస్ కావాలంటే ఫ్లాపీ తీసి ఇంకొకటి పెట్టి మళ్లీ ఆన్ చేసేవాళ్లు. ఒకదాని ఫైళ్లు ఇంకోటి చెడగొట్టే ప్రశ్నే లేదు.

1983 మార్చిలో పీసీ ఎక్స్‌టీ వచ్చింది. అందులో 10 ఎంబీ హార్డ్ డిస్క్. 306 సిలిండర్లు, 4 హెడ్లు, ట్రాక్‌కి 17 సెక్టార్లు, సెక్టార్‌కి 512 బైట్లు. డిస్క్ మీద గుండ్రటి వరస ఒక ట్రాక్, అన్ని పళ్లేల మీద ఒకే వరసలో ఉన్న ట్రాక్‌లు కలిపితే ఒక సిలిండర్, పళ్లెంలో ఒక్కో వైపుని చదివేది హెడ్. గుణించి చూసుకోండి, కోటీ ఆరు లక్షల పైచిలుకు బైట్లు వస్తాయి. ఫ్లాపీలతో పోలిస్తే సముద్రం. కాకపోతే ఈ డిస్క్‌ని క్యాబినెట్‌లో స్క్రూలతో బిగించేశారు, తీసి మార్చేది కాదు. మరి సీపీ/ఎం వాడేవాళ్ల సంగతేంటి? యూనిక్స్ నడుపుదామనుకునేవాళ్ల సంగతేంటి?

ఎక్స్‌టీతో పాటు వచ్చిన డాస్ 2.0 దీనికి జవాబు తెచ్చింది. అదే ఎఫ్‌డిస్క్. డిస్క్ మొదటి సెక్టార్‌లో నాలుగు వరుసల పట్టిక రాస్తుంది. ఒక్కో వరుస ఒక్కో పార్టిషన్. మీరు గమనించాల్సింది ఒకటుంది. ఆ ఎఫ్‌డిస్క్‌తో ఒక డిస్క్ మీద ఒక్క డాస్ పార్టిషనే చేయగలం. రెండోది చేయనివ్వదు. మిగతా మూడు వరుసలు ఎవరి కోసం మరి? వేరే ఓఎస్‌ల కోసం. దాని మెనూలో ‘యాక్టివ్ పార్టిషన్ మార్చు’ అని ఒక ఆప్షన్ ఉండేది. ఈసారి సిస్టమ్ ఆన్ చేస్తే నాలుగింట్లో ఎవరు లేవాలో మనం అక్కడ చెప్పేవాళ్లం. ఒక ఇల్లు, నాలుగు పోర్షన్లు, గేటు మాత్రం ఒకటే అనుకోండి. డాస్ తన పోర్షన్‌లో దిగి, పక్క పోర్షన్ల జోలికి వెళ్లకుండా ఉండేది. పది ఎంబీ డిస్క్ మీదే ఇంత ముందుచూపు చూపించిన ఇంజనీర్లంటే నాకు చాలా గౌరవం.

ఇక ఆ మొదటి సెక్టార్‌లోకి వెళ్దాం. దీన్ని మాస్టర్ బూట్ రికార్డ్ అంటాం, ఎంబీఆర్. మొత్తం 512 బైట్లు. మొదటి 446 బైట్లు ప్రోగ్రామ్‌కి. తర్వాత 64 బైట్లు పట్టిక, వరుసకి 16 చొప్పున నాలుగు వరుసలు. చివరి రెండు బైట్లు ముద్ర: 55, ఏఏ. ఆ ముద్ర లేకపోతే ఈ సెక్టార్‌కి విలువ లేదు.

446 బైట్లలో ఏం ప్రోగ్రామ్ రాయగలం? ఇంగ్లిష్‌లో ఒక పేరా రాస్తే చాలు, అంత చోటు అయిపోతుంది. అయినా డాస్ రాసిన ఆ చిన్న ప్రోగ్రామ్ ఎంత పని చేస్తుందో చూడండి. బయోస్ దాన్ని 7సీ00 దగ్గర పెట్టి వదిలేస్తుంది. అది ముందుగా తనను తాను 0600 అనే అడ్రస్‌కి కాపీ చేసుకుంటుంది. ఎందుకంటే తర్వాత లేవబోయే ఓఎస్ బూట్ సెక్టార్ కూడా తనను 7సీ00 దగ్గరే పెడతారని అనుకుంటుంది. ఫ్లాపీల కాలం నుంచి అదే అలవాటు. కాబట్టి వచ్చేవాళ్ల కోసం ముందే లేచి చోటిస్తుంది. తర్వాత నాలుగు వరుసల్లో ఎక్కడ 80 అని ఉందో వెతుకుతుంది. 80 ఉంటే అది యాక్టివ్. మిగతా మూడింటి దగ్గరా 00 ఉండి తీరాలి. వేరే ఏదైనా కనిపిస్తే ‘ఇన్‌వాలిడ్ పార్టిషన్ టేబుల్’ అని రాసి ఆగిపోతుంది. అంతా సరిగా ఉంటే ఆ పార్టిషన్ మొదటి సెక్టార్‌ని చదువుతుంది. చదవలేకపోతే మళ్లీ ప్రయత్నిస్తుంది, అప్పటికీ కాకపోతే ‘ఎర్రర్ లోడింగ్ ఆపరేటింగ్ సిస్టమ్’. చదివాక దాని చివర 55 ఏఏ లేకపోతే ‘మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టమ్’. ఉంటే 7సీ00కి దూకేస్తుంది. ఈ మూడు మెసేజ్‌లు పైకి ఒకేలా కనిపిస్తాయి గానీ, ఒక్కోటి ఒక్కో మెట్టు దగ్గర ఆగిందని చెబుతుంది. సిస్టమ్ చూడటానికి వచ్చినవాళ్లకి ఈ తేడా తెలిస్తే, వెంటనే ‘ఫార్మాట్ కొట్టాలండీ’ అనరు.

ఒకవేళ 80 ఎక్కడా లేకపోతే? అసలు ఐబీఎం మెషీన్ అయితే రోమ్‌లో ఉన్న బేసిక్‌లోకి వెళ్లిపోయేది. క్లోన్ మెషీన్లలో ఆ బేసిక్ ఉండదు కాబట్టి కొన్నింటిలో ‘నో రోమ్ బేసిక్, సిస్టమ్ హాల్టెడ్’ అని వచ్చేది. మన ఊళ్లో అసెంబుల్ చేయించుకున్న సిస్టమ్‌లలో ఈ మెసేజ్ చూసి జనం రోమ్ చిప్ పోయిందేమోనని టెన్షన్ పడేవాళ్లు. నిజానికి యాక్టివ్ పార్టిషన్ గుర్తు పెట్టడం మర్చిపోయారంతే.

ఇప్పుడు పట్టికలో ఒక్క వరుసని మనమే చదువుదాం. నోట్‌బుక్ ఉన్నవాళ్లు రాసుకోండి. పదహారు బైట్లు:

80 01 01 00 06 ఎఫ్‌ఈ 7ఎఫ్ 04 3ఎఫ్ 00 00 00 86 ఎఫ్‌ఏ 3ఎఫ్ 00

మొదటిది 80, అంటే యాక్టివ్. తర్వాత మూడు బైట్లు, 01 01 00: పార్టిషన్ ఎక్కడ మొదలవుతుందో చెబుతాయి. హెడ్ 1, సెక్టార్ 1, సిలిండర్ 0. ఐదో బైట్ 06: లోపల ఏ రకం ఉందో. 06 అంటే పెద్ద ఫ్యాట్16, డాస్ తన ఫైళ్లని సర్దిపెట్టుకునే పద్ధతి. తర్వాత మూడు, ఎఫ్‌ఈ 7ఎఫ్ 04: ఎక్కడ ముగుస్తుందో. ఎఫ్‌ఈ అంటే హెడ్ 254. 7ఎఫ్ దగ్గర కొంచెం ఆగాలి. సిలిండర్ నంబర్‌కి ఎనిమిది బిట్లు చాలవు, పది కావాలి. ఆ ఎక్కువైన రెండు బిట్లని సెక్టార్ బైట్ నెత్తిన ఎక్కించారు. 7ఎఫ్‌ని విడదీస్తే కింద 6 బిట్లు 63 అనే సెక్టార్, పైన 2 బిట్లలో ఒక 1. ఆ 1ని 04 ముందు పెడితే సిలిండర్ 260. తర్వాత నాలుగు బైట్లని వెనక నుంచి ముందుకి చదవాలి: 3ఎఫ్, అంటే 63. డిస్క్ మొదటి నుంచి లెక్కపెడితే 63వ నంబర్ సెక్టార్ దగ్గర మొదలు. చివరి నాలుగు కూడా వెనక నుంచి: 3ఎఫ్ ఎఫ్‌ఏ 86. డెసిమల్‌లో 41,92,902 సెక్టార్లు. 512తో గుణిస్తే దాదాపు సరిగ్గా 2 జీబీ. తొంభైల చివర్లో సిస్టమ్ కొన్నవాళ్ల సి డ్రైవ్‌లు ఎన్నో ఇలాగే ఉండేవి. ఎందుకు 2 జీబీయే అన్నది కాసేపట్లో చెబుతాను.

ఆ ఐదో బైట్ నాకు చాలా ఇష్టమైన బైట్. రకం చెప్పే ఈ బైట్ ఉండటం వల్లే ఒక ఓఎస్ ఇంకోదాన్ని చూసి ‘ఇది నాది కాదు’ అని పక్కకు తప్పుకోగలిగింది. డాస్‌కి 83 కనిపిస్తే అది లినక్స్, ముట్టుకోదు. 07 అయితే ఐబీఎం ఓఎస్/2 వాళ్ల ఫైల్ సిస్టమ్ హెచ్‌పీఎఫ్ఎస్, తర్వాత విండోస్ ఎన్‌టీ వాళ్ల ఎన్‌టీఎఫ్ఎస్ కూడా అదే నంబర్ వాడుకుంది. 63 అంటే యూనిక్స్. అయితే ఈ నంబర్లు పంచిపెట్టే ఆఫీసంటూ ఏదీ లేదు. ఎవరికి వాళ్లు ఒక నంబర్ తీసేసుకున్నారు. దాంతో గొడవలు వచ్చాయి. లినక్స్ తన స్వాప్ పార్టిషన్‌కి, అంటే మెమరీ చాలనప్పుడు తాత్కాలికంగా వాడుకునే చోటుకి, 82 తీసుకుంది. ఇంటెల్ మెషీన్ల మీద నడిచే సన్ కంపెనీ యూనిక్స్ సొలారిస్ కూడా 82నే తీసుకుంది. ఈ రెండూ ఒకే డిస్క్ మీద ఉంటే, లినక్స్ ఇన్‌స్టాలర్ సొలారిస్ పార్టిషన్‌ని చూసి స్వాప్ అనుకునే ప్రమాదం ఉండేది. స్వాప్ అనుకుందంటే ‘ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు’ అని దాని మీద రాసేస్తుంది. సన్ కంపెనీ తర్వాత బీఎఫ్ అనే నంబర్‌కి మారింది.

డిస్క్‌లు పెరిగే కొద్దీ వచ్చిన హద్దుల సంగతి చాలా ఉంది, గబగబా చెప్పేస్తాను. పట్టికలో సెక్టార్ల సంఖ్యకి 32 బిట్లు ఇచ్చారు. కానీ డాస్ తన లోపలి లెక్కకి 16 బిట్లే వాడుకుంది. 65,536 సెక్టార్లు, 512తో గుణిస్తే 32 ఎంబీ. అక్కడ ఆగిపోయింది. 1987లో డాస్ 3.3 ఎక్స్‌టెండెడ్ పార్టిషన్, అంటే లోపల మళ్లీ డ్రైవులుగా విడగొట్టుకోగల పార్టిషన్, తెచ్చి, ఒకే డిస్క్ మీద డాస్ డ్రైవులు ఎన్నో చేసుకునే వీలిచ్చింది. మరుసటి ఏడాది డాస్ 4.0 ఆ 32 ఎంబీ హద్దే తీసేసింది. తర్వాత 504 ఎంబీ దగ్గర ఇంకో గోడ. బయోస్‌కి సిలిండర్లు 1,024 దాటకూడదు, ఐడీఈ డిస్క్‌కి హెడ్లు 16 దాటకూడదు. రెండూ విడివిడిగా పెద్దవే, కలిపితే రెండింటి లోపమూ మనకే తగులుతుంది: 1,024 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్లు. బయోస్‌లో లెక్కలు మార్చి చెప్పే పద్ధతి వచ్చాక అది 8.4 జీబీ దాకా జరిగింది.

ఫ్యాట్16 సంగతి వేరు. అది దాదాపు 65 వేల క్లస్టర్ల కన్నా ఎక్కువ గుర్తుపెట్టుకోలేదు. క్లస్టర్ అంటే ఒక ఫైల్‌కి ఇచ్చే కనీస ముక్క. క్లస్టర్ 32 కేబీ అనుకుంటే మొత్తం 2 జీబీ. ఇందాకటి వరుసలో 2 జీబీ ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమైంది కదా. పైగా అలాంటి పార్టిషన్‌లో ఒక చిన్న ఉత్తరం టైప్ చేసి సేవ్ చేసినా 32 కేబీ పోతుంది. అందుకే 4 జీబీ డిస్క్ కొన్నవాళ్లు దాన్ని ముక్కలు చేసుకోక తప్పేది కాదు. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సిస్టమ్ అసెంబుల్ చేయిస్తే, వాళ్లు అడగకుండానే సి, డి, ఇ చేసి ఇచ్చేవాళ్లు. ఆ కారణం ఎప్పుడో పోయింది, అలవాటు మాత్రం మిగిలింది. ఇవాళ్టికీ కొత్త ల్యాప్‌టాప్ చూసి ‘ఇందులో డి డ్రైవ్ ఏదీ?’ అని అడిగేవాళ్లు ఉన్నారు.

ఆ అక్షరాల వరస కూడా చెప్పాలి, మన ఊళ్లో దానివల్ల చాలామంది డేటా పోయింది. అప్పట్లో నెట్ నెమ్మది, పెన్ డ్రైవ్ లేదు. ఫ్రెండ్ దగ్గర నుంచి ఏదైనా తెచ్చుకోవాలంటే హార్డ్ డిస్క్ విప్పి, పేపర్లో చుట్టుకుని, బస్సెక్కి వెళ్లి, ఇది రెండో డిస్క్ అని చెప్పేలా దాని జంపర్ పిన్ను స్లేవ్‌కి మార్చి తగిలించేవాళ్లు. డాస్ అక్షరాలు ఎలా ఇస్తుందంటే, ముందు మొదటి డిస్క్ ప్రైమరీకి, అంటే పట్టికలో నేరుగా ఉన్న డాస్ పార్టిషన్‌కి, సి, వెంటనే రెండో డిస్క్ ప్రైమరీకి డి, ఆ తర్వాతే మొదటి డిస్క్‌లో మిగిలిన డ్రైవులు. అంటే ఫ్రెండ్ డిస్క్ తగిలించగానే మన డి కాస్తా ఇ అయిపోతుంది. తన డి డ్రైవ్‌ని ఖాళీ చేద్దామని ‘ఫార్మాట్ డి’ కొట్టి, ఫ్రెండ్ డిస్క్‌ని చెరిపేసిన చేతులు ఎన్నో. రెండో డిస్క్ మొత్తాన్ని ఎక్స్‌టెండెడ్‌గా చేసి, ప్రైమరీ లేకుండా ఉంచితే ఈ గోల ఉండేది కాదు. తెలిసినవాళ్లు అలాగే చేసేవాళ్లు.

ఇక గేటు ఎవరి చేతిలో ఉందన్న విషయం. ఎఫ్‌డిస్క్‌లోకి వెళ్లి యాక్టివ్ మార్చి, రీస్టార్ట్ చేయడం ప్రతిసారీ విసుగే. స్క్రీన్ మీద మెనూ వచ్చి, ఏది కావాలో అడిగితే బాగుంటుంది. 1992లో ఓఎస్/2 2.0 బూట్ మేనేజర్ అని తెచ్చింది. దాని పద్ధతి నాకు నచ్చుతుంది. అది తనకంటూ ఒక చిన్న పార్టిషన్ తీసుకుని, ‘0ఏ’ అని రకం రాసుకుని, అందరిలాగే పట్టికలో ఒక వరుసలో కూర్చుంటుంది. ఎవరి చోటూ లాక్కోదు. విండోస్ ఎన్‌టీ కూడా మర్యాదస్తురాలే. పాత డాస్ బూట్ సెక్టార్‌ని బూట్‌సెక్ట్ డాట్ డాస్ అనే ఫైల్‌లో దాచిపెట్టి, బూట్ డాట్ ఐఎన్ఐ అనే మామూలు టెక్స్ట్ ఫైల్‌లో మెనూ ఉంచింది. మనవాళ్లు ఆ సందు చూసి, లినక్స్ బూట్ సెక్టార్‌ని కూడా 512 బైట్ల ఫైల్‌గా తీసి సి డ్రైవ్‌లో పెట్టి, ఆ మెనూలో ఒక లైన్ చేర్చేవాళ్లు. ఎన్‌టీ మెనూలోంచే లినక్స్ లేచేది.

1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95 అలా చేయలేదు. పాత డాస్‌ని లేపడానికి ఎఫ్4 నొక్కే ఏర్పాటు అయితే చేసింది. కానీ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు ఎంబీఆర్‌లోని ప్రోగ్రామ్‌ని అడగకుండా తనదానితో మార్చేసేది. పక్కన లినక్స్ పార్టిషన్ చెక్కుచెదరకుండా ఉంటుంది, లోపలికి దారి మాత్రం ఉండదు. వాడేవాళ్లేమో లినక్స్ పోయిందనుకునేవాళ్లు. నా అభిప్రాయంలో ఇది తప్పు. నాలుగు వరుసల పట్టికని చూసి, అందులో 83 ఉందని తెలిసి కూడా ఒక్క మాట అడగకపోవడం అంటే డిస్క్ ఓనర్ మాటకి విలువ ఇవ్వకపోవడమే. అందుకే ‘ముందు విండోస్ ఎక్కించు, తర్వాత లినక్స్’ అనే నియమం పుట్టింది. అమీర్‌పేట్ ఇన్‌స్టిట్యూట్‌లలో దాన్ని వేదవాక్యంలా చెప్పేవాళ్లు, కారణం మాత్రం చెప్పేవాళ్లు కాదు.

లినక్స్ వైపు లీలో అనే బూట్ లోడర్, అంటే ఓఎస్‌ని లేపే ప్రోగ్రామ్, ఉండేది. వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ రాశాడు. 446 బైట్లలో ఫైల్ సిస్టమ్ చదివే తెలివి పెట్టలేం కాబట్టి, లీలో ఒక ఉపాయం చేసింది. కెర్నల్, అంటే లినక్స్ అసలు ప్రోగ్రామ్, ఉన్న ఫైల్ డిస్క్ మీద ఏయే సెక్టార్లలో ఉందో ముందే రాసి పెట్టుకుంటుంది. బూట్ అయ్యేటప్పుడు ఫైల్ పేరుతో పని లేదు, ఆ సెక్టార్లు తెచ్చుకుంటుంది. అందువల్ల కెర్నల్ మార్చిన ప్రతిసారీ లీలో కమాండ్ మళ్లీ నడపాలి. లేకపోతే పాత చోటుకే వెళ్లి చూస్తుంది. ఇందులో నాకు బాగా నచ్చింది దాని పేరులోని అక్షరాలు. ఒక్కో మెట్టు దాటాక ఎల్, ఐ, ఎల్, ఓ అని ఒక్కో అక్షరం స్క్రీన్ మీద పడుతుంది. ‘ఎల్‌ఐ’ దగ్గర ఆగిపోయిందంటే రెండో దశ ప్రోగ్రామ్ మెమరీలోకి వచ్చింది గానీ నడవలేదు. సాధారణంగా డిస్క్ లెక్కలు బయోస్ ఒకలా, లినక్స్ ఇంకోలా చెప్పుకున్నప్పుడు ఇలా అవుతుంది. పాత బయోస్‌తో 1,024వ సిలిండర్ దాటి చదవలేదు కాబట్టి, డిస్క్ మొదట్లోనే చిన్న బూట్ పార్టిషన్ పెట్టుకోమని అప్పటి పుస్తకాలన్నీ చెప్పేవి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత లినక్స్ పుస్తకం దొరికితే తెరిచి చూడండి, ఈ సలహా ఉంటుంది. ఇంకో మంచి పని: తను కూర్చునే ముందు అక్కడున్న పాత సెక్టార్‌ని బూట్ డైరెక్టరీలో ఒక ఫైల్‌గా దాచేది. వద్దనుకుంటే ఒక్క కమాండ్‌తో ఉన్నది ఉన్నట్టు వెనక్కి పెట్టేయొచ్చు.

1995లో ఎరిక్ బోలిన్ మొదలుపెట్టిన గ్రబ్ అనే బూట్ లోడర్ ఇంకో అడుగు వేసింది. మొదటి పార్టిషన్ 63వ నంబర్ సెక్టార్ దగ్గర మొదలవుతుందని ఇందాక చదివాం కదా. ఎంబీఆర్ ఒకటి పోగా మధ్యలో 62 సెక్టార్లు, దాదాపు 31 కేబీ, ఎవరూ వాడకుండా పడి ఉంటాయి. గ్రబ్ తన పెద్ద ముక్కని అక్కడ పెట్టుకుంది. 31 కేబీలో ఫైల్ సిస్టమ్ చదివే తెలివి పడుతుంది. కాబట్టి కెర్నల్‌ని పేరుతోనే వెతుక్కోగలదు. మెనూ పాడైనా గ్రబ్ ప్రాంప్ట్ దగ్గర టైప్ చేసి సిస్టమ్‌ని లేపొచ్చు.

ఆ ఖాళీ చోటు గురించి గ్రబ్ కన్నా చాలా ముందే ఇంకొకరికి తెలుసు. వైరస్ రాసేవాళ్లకి. 1987లో న్యూజిలాండ్‌లో పుట్టిన స్టోన్డ్ వైరస్ ఎంబీఆర్‌లో తను కూర్చుని, అసలు ఎంబీఆర్‌ని అదే ట్రాక్‌లో 7వ సెక్టార్‌లో దాచేది. మార్చి 6న డిస్క్ చెరిపేసే మైకెలాంజెలో కూడా 7వ సెక్టార్‌నే వాడుకుంది. రెండూ ఒకే సిస్టమ్‌కి తగిలితే, రెండోది మొదటి వైరస్‌ని తీసుకెళ్లి 7లో పెట్టేది. దాంతో అక్కడున్న అసలు ఎంబీఆర్ చెరిగిపోయేది. ఇక ఆ సిస్టమ్ లేవదు. మన దేశంలోనే 1990లో జోషి అని ఒక వైరస్ బయటపడింది. జనవరి 5న సిస్టమ్ ఆపేసి, హ్యాపీ బర్త్‌డే జోషి అని టైప్ చేయమనేది. ఇవన్నీ ఫ్లాపీ డ్రైవ్‌లో మర్చిపోయిన ఫ్లాపీ ద్వారానే పాకేవి. గేటు దగ్గర ఎవరూ పేరు అడగరు కాబట్టి మనకు నచ్చిన బూట్ మేనేజర్‌కి దొరికిన స్వేచ్ఛే వైరస్‌కి కూడా దొరికింది. డాస్ 5 నుంచి ‘ఎఫ్‌డిస్క్ స్లాష్ ఎంబీఆర్’ అనే కమాండ్ ఉండేది, మాన్యువల్‌లో రాయలేదు. అది పట్టికని ముట్టకుండా 446 బైట్లని మాత్రం కొత్తగా రాస్తుంది. వైరస్‌కీ అదే మందు, లీలో తీసేయడానికీ అదే. అయితే పట్టికనే దాచేసే వైరస్ తగిలినప్పుడు ఈ కమాండ్ కొడితే ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

మన దేశంలో డ్యూయల్ బూట్ చేసినవాళ్లందరికీ, అంటే ఒకే మెషీన్‌లో రెండు ఓఎస్‌లు పెట్టుకున్నవాళ్లందరికీ, ఎదురయ్యే విషయం ఇంకొకటి, టైమ్. మదర్‌బోర్డ్ మీద బ్యాటరీతో నడిచే గడియారాన్ని డాస్ కాలం నుంచీ లోకల్ టైమ్‌లో ఉంచడం అలవాటు, విండోస్ అదే కొనసాగించింది. యూనిక్స్ వంశం వాళ్లు దాన్ని గ్రీనిచ్ టైమ్‌లో ఉంచుతారు. లినక్స్‌లో పొద్దున పది గంటలకి షట్‌డౌన్ చేసి విండోస్‌లోకి వెళ్తే తెల్లవారుజాము నాలుగున్నర చూపిస్తుంది. సరిగ్గా అయిదున్నర గంటల తేడా కనిపిస్తే బ్యాటరీ మార్చకండి, లినక్స్‌కి ‘గడియారం లోకల్ టైమ్‌లో ఉంది’ అని చెప్పండి, సరిపోతుంది.

1983 నాటి ఆ 32 బిట్ల సంఖ్య 2 టీబీ దాకా మోసింది. ఆ తర్వాత జీపీటీ అనే కొత్త రకం పట్టిక వచ్చింది: 128 వరుసలు, డిస్క్ చివర ఇంకో కాపీ, తప్పులు పట్టే చెక్‌సమ్. పాత టూల్స్ దాన్ని ఖాళీ డిస్క్ అనుకోకుండా మొదటి సెక్టార్‌లో ఇప్పటికీ ఒక పాత పట్టిక ఉంటుంది, అందులో ఒకే వరుస, రకం ఈఈ. బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐలో అయితే బూట్ ప్రోగ్రామ్‌లకి ఒక ఫ్యాట్ పార్టిషనే ఇచ్చి, ఒక్కో ఓఎస్‌కి ఒక్కో ఫోల్డర్ పెట్టారు. ఇప్పుడు ఒకరి మీద ఒకరు రాసుకోవాల్సిన పని లేదు. ఇది నిజంగా మంచి మార్పు.

ఇక మీరు అడగండి.

ఒక విద్యార్థిని: సర్, ఇప్పుడు వర్చువల్ మెషీన్లు ఉన్నాయి కదా, డ్యూయల్ బూట్ నేర్చుకోవడం అవసరమా?

నేర్చుకోవడానికి వర్చువల్ మెషీనే సరైన చోటమ్మా. ఒక చిన్న వర్చువల్ డిస్క్ పెట్టుకుని, అందులో పాత పద్ధతి పట్టిక చేసి, డీడీ కమాండ్‌తో మొదటి 512 బైట్లు ఫైల్‌గా తీసి, హెక్స్‌డంప్‌లో చూడండి. ఇందాక మనం చదివిన వరుసలాంటిది మీ కళ్ల ముందు ఉంటుంది. 80ని 00 చేసి బూట్ చేయండి, ఏ మెసేజ్ వస్తుందో చూడండి. 55 ఏఏ చెరపండి, అప్పుడేం జరుగుతుందో చూడండి. అసలు మెషీన్ మీద మాత్రం, గ్రాఫిక్స్ కార్డ్, ర్యామ్ మొత్తం ఒకే ఓఎస్‌కి కావాల్సినప్పుడు డ్యూయల్ బూట్‌కి సాటి లేదు. పాత ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్‌తో రెండు ఓఎస్‌లు ఒకేసారి నడపలేం కదా.

ఇంకొకరు: మా నాన్నగారి పాత డెస్క్‌టాప్ ఉందండీ. ‘మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టమ్’ అంటోంది. అందులో మా ఇంటి ఫొటోలున్నాయి. షాప్‌లో ఫార్మాట్ చేయాలన్నారు.

ఫార్మాట్ చేయించకండి. ఆ మెసేజ్ ఏం చెబుతోందో ఇప్పుడు మీకు తెలుసు. డిస్క్ తిరుగుతోంది, మొదటి సెక్టార్ చదవగలిగింది, అందులో యాక్టివ్ వరుస దొరికింది, అక్కడికి వెళ్లి చదివింది కూడా. అక్కడ 55 ఏఏ కనిపించలేదు, అంతే. అంటే పాడైంది ఆ పార్టిషన్ బూట్ సెక్టార్ కావచ్చు, లేదా పట్టికలో ఆ వరుస తప్పు చోటు చూపిస్తూ ఉండొచ్చు. రెండు సందర్భాల్లోనూ ఫొటోలు వాటి చోట అవి ఉండే అవకాశం బాగానే ఉంది. ఎక్స్‌పీ కాలం మెషీన్ అయితే బహుశా ఎన్‌టీఎఫ్ఎస్, దాని బూట్ సెక్టార్ కాపీ ఒకటి పార్టిషన్ చివర ఉంటుంది. ఫ్యాట్32 అయితే 6వ సెక్టార్‌లో ఉంటుంది. ముందు డిస్క్ మొత్తాన్ని వేరే డిస్క్‌లోకి ఒకే ఇమేజ్ ఫైల్‌గా తీయండి. టెస్ట్‌డిస్క్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, పోయిన పార్టిషన్లని వెతికి, ఆ కాపీ సెక్టార్‌ని వెనక్కి పెట్టగలదు. దాన్ని ఆ ఇమేజ్ మీద నడపండి, అసలు డిస్క్ తీసి పక్కన పెట్టేయండి. ఐడీఈ నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ మీ దగ్గర లేకపోతే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడగండి.